వరుస కుదరని సంబంధాలు

2007వ సంవత్సరంలో మన దేశపు విమానయాన రంగంలో మూడు సంబంధాలు కుదిరాయి. ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ వారు 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొన్నారు. మే నెలాఖరున కింగ్‌ఫిషర్ వారు బెంగుళూరు ఎయిర్ డెక్కన్‌లో 26 శాతం వాటాను 550 కోట్లకు తీసుకున్నారు. తర్వాత మొత్తం సంస్థనే కలుపుకున్నారు. ఆగస్టు 27న ప్రభుత్వ సంస్థలైన ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒకటయ్యాయి. ఖర్చులు తగ్గుతాయి, విమానాలు ఖాళీగా తిరగవు, రెండు ఆఫీసుల పని ఒక ఆఫీసుతో అయిపోతుంది అని మూడు సందర్భాల్లోనూ ఒకే మాట చెప్పారు. కాగితం మీద చూస్తే ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మూడింటిలో ఒక్కటీ అనుకున్నట్టు నడవలేదు. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో ఆగిపోయింది. జెట్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. 2024 నవంబరులో సుప్రీం కోర్టు దాని ఆస్తులు అమ్మి అప్పులు తీర్చమని ఉత్తర్వు ఇచ్చింది. ఎయిర్ ఇండియా మాత్రం బతికి బట్టకట్టింది. అదీ మన పన్నుల డబ్బుతో. చివరకు 2022 జనవరి 27న తన పుట్టింటికి, అంటే టాటాల దగ్గరకు, తిరిగి వెళ్ళింది.

ఎందుకిలా జరిగిందని అడిగితే ఇంధనం ధర, అప్పులు, పోటీ, రాజకీయాల జోక్యం అని చెబుతారు. అన్నీ నిజమే. బ్యాంకు ఉద్యోగంలో తల నెరిసినవాణ్ణి కనుక అప్పు సంగతి నేను తేలిగ్గా తీసివేయలేను. కింగ్‌ఫిషర్‌కు అప్పులిచ్చిన 17 బ్యాంకుల కథ ఏ బ్యాంకు ఉద్యోగీ మరిచిపోయేది కాదు. కాని ఆస్తి అప్పుల పట్టీలో ఎక్కడా కనపడని పద్దు ఒకటుంది. దాన్ని గురించే ఈ వ్యాసం.

మన ఇళ్ళలో పెళ్ళి మాటలు వచ్చినప్పుడు పెద్దవాళ్ళు ముందుగా అడిగేది "వరుస అవుతుందా?" అని. ఆస్తి, చదువు, ఉద్యోగం ఎంత బాగున్నా వరుస కుదరకపోతే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. విమాన సంస్థల్లోనూ వరుస అనేది ఒకటుంది. దాన్ని సీనియారిటీ లిస్టు అంటారు. విలీనాలు కుదిర్చే పెద్దలు అన్నీ అడుగుతారు గాని ఆ ఒక్కటి మాత్రం పెళ్ళయ్యాక చూసుకుందాం అంటారు.

సీనియారిటీ మన గుమాస్తా ఉద్యోగాల్లో లేదా అని పాఠకులు అడగవచ్చు. ఉంది. కాని పైలట్‌కు అది వేరే సంగతి. ఏ విమానం నడపాలి, ఎప్పుడు కుడివైపు కుర్చీ నుంచి ఎడమవైపు కుర్చీకి, అంటే కో-పైలట్ నుంచి కమాండర్‌కు, మారాలి, ఏ ఊళ్ళో కాపురం ఉండాలి, దీపావళికి ఇంట్లో ఉంటాడా లేక ఏ పరాయి ఊరి హోటల్లోనో ఉంటాడా అనేవన్నీ చాలావరకు ఆ జాబితాలో అతని నంబరు మీద ఆధారపడతాయి. చిన్న విమానానికీ పెద్ద విమానానికీ జీతంలో తేడా ఉంటుంది. కో-పైలట్‌కూ కమాండర్‌కూ ఉన్న తేడా ఇంకా పెద్దది. పైగా సంస్థ కష్టాల్లో పడి మనుషుల్ని తీసేయాల్సి వస్తే జాబితా అడుగు నుంచి మొదలుపెడతారు. ఆ నంబరు ఆ సంస్థలోనే చెల్లుతుంది. ఇరవై ఏళ్ళు ఒకచోట పనిచేసి మరో సంస్థకు పోతే అనుభవం వెంట వస్తుంది, వరుస రాదు. అందుచేత పైలట్ తన నంబరును రైతు గట్టును చూసుకున్నట్టు చూసుకుంటాడు. జానెడు జరిగినా ఊరుకోడు.

బ్యాంకుల సంగతి కొంత నయం. 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన ప్రాంతాల బజార్లలో కనిపించే ఒక తెలుగు పేరు బోర్డు ఆనాటితో పోయిందే అని బాధపడినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. కాని అందులోని ఆఫీసర్ల హోదా తలకిందులు కాలేదు. దానికి కారణం ఉంది. ప్రభుత్వ బ్యాంకులన్నింటిలో ఆఫీసర్ల స్కేళ్ళు 1979 నుంచి ఒకే మూసలో ఉన్నాయి. జీతాల ఒప్పందమూ దేశమంతటికీ ఒకటే. ఒక బ్యాంకులో స్కేలు మూడులో ఉన్న మనిషి ఇంకో బ్యాంకుకు వెళ్ళినా స్కేలు మూడే. ఇంత ఉన్నా 1993లో న్యూ బ్యాంక్ ఆఫ్ ఇండియాను పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిపినప్పుడు ఎవరు ముందు ఎవరు వెనుక అనే తగాదా సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. మూస ఒకటే అయిన బ్యాంకుల్లోనే అలా ఉంటే, మూసలే వేరైన విమాన సంస్థల గతి ఊహించుకోవచ్చు.

అసలు మన దేశంలో అతి పెద్ద విలీనం 2007లోది కాదు, 1953లోది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలిపెట్టిన డకోటా విమానాలు చవగ్గా దొరికాయి. దాంతో డబ్బున్నవాడల్లా విమాన కంపెనీ పెట్టాడు. 1950లో జస్టిస్ రాజాధ్యక్ష కమిటీ చూసేసరికి ఉన్న ప్రయాణికులకు కంపెనీలు ఎక్కువైపోయాయి. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను ప్రభుత్వం తీసుకొని ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ అనే ఒకే గూటికి చేర్చింది. విదేశాలకు తిరిగే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌ను వేరుగా ఉంచింది. జె.ఆర్.డి. టాటాకు ఈ జాతీయీకరణ ఇష్టం లేదు. అయినా ఎయిర్ ఇండియా అధ్యక్షుడిగా 1978 వరకు ఉన్నారు.

ఆ ఎనిమిదింటిలో రెండు మన పాఠకులకు దగ్గరివి. ఒకటి కళింగ ఎయిర్‌లైన్స్, ఒరిస్సాకు చెందిన బిజూ పట్నాయక్ గారిది. బరంపురం, పర్లాకిమిడి వైపు పెద్దలకు ఆయన విమానాల కథలు ఇప్పటికీ కంఠతా వచ్చు. రెండవది హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన కంపెనీ అది. బేగంపేట దాని ఇల్లు. ప్రేమ్ మాథుర్ అనే యువతికి చాలా కంపెనీలు ఆడదానివి నువ్వేం నడుపుతావని ఉద్యోగం ఇవ్వకపోతే, 1940ల చివర ఉద్యోగం ఇచ్చింది డెక్కన్ ఎయిర్‌వేసే. వాణిజ్య విమానం నడిపిన మొదటి భారతీయ మహిళగా ఆమె పేరు చరిత్రలో ఉంది. అలా మన బేగంపేటకు ఒక ఘనత దక్కింది. ఇది విషయానికి కొంచెం పక్కదారే, కాని చెప్పకుండా ఉండలేకపోయాను.

కొత్త కార్పొరేషన్‌కు వచ్చిన విమానాలు 99. వాటిలో 74 డకోటాలే. ఈ సంఖ్యలోనే ఒక రహస్యముంది. ఏ కంపెనీ పైలట్ అయినా మరో కంపెనీ విమానం ఎక్కి కూర్చుంటే చేతికి అందే మీటలు అవే, కళ్ళ ముందు గడియారాలు అవే. చేసే పని ఒకటే. తిరిగే దూరాలూ ఒకే తరహావి. వరుస కలపడం సులువని నేను అనను గాని, కలపడానికి ఒక కొలబద్ద ఉంది. పైగా మునిగిపోతున్న కంపెనీల నుంచి సర్కారు కొలువుకు రావడం అప్పటి పైలట్లలో చాలామందికి నష్టం కాదు.

2007 నాటికి ఆ 54 ఏళ్ళలో రెండు సంస్థలూ రెండు వేరువేరు కులాచారాలు పెంచుకున్నాయి. ఎయిర్ ఇండియా కార్యస్థానం బొంబాయి. లండన్, న్యూయార్క్ తిరిగే బోయింగ్‌లు దానివి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పెద్దలు ఢిల్లీలో; దేశంలోనూ చుట్టుపక్కల దేశాలకూ తిరిగే ఎయిర్‌బస్‌లు దానివి. ఒకరికి మహారాజా బొమ్మ, ఇంకొకరికి నారింజ రంగు. పైలట్ల సంఘాలు కూడా వేరే. ఎయిర్ ఇండియాలో ఇండియన్ పైలట్స్ గిల్డ్. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్.

చిక్కు ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకే కాలేజీలో చదివిన ఇద్దరు స్నేహితులు 1997లో ఒకేసారి పైలట్లుగా చేరారనుకోండి. ఒకడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో, మరొకడు ఎయిర్ ఇండియాలో. మొదటివాడి సంస్థలో చిన్న విమానాలు ఎక్కువ, రోజుకు ఎక్కిదిగే ఊళ్ళు ఎక్కువ, కాబట్టి కమాండర్ల అవసరమూ ఎక్కువ. అతను తొందరగానే ఎడమ కుర్చీకి వచ్చాడు. రెండోవాడి సంస్థలో విమానాలు కొద్ది, పెద్దవి. పదిహేను గంటల ప్రయాణానికి ఒకే విమానంలో నలుగురు పైలట్లు వంతులవారీగా కూర్చుంటారు. కమాండర్ అయ్యేందుకు అతనికి ఇంకా కొన్నేళ్ళు పడుతుంది. కాని అతను నడిపేది నాలుగు వందల మంది ఎక్కే విమానం. అతని జీతభత్యాలూ ఎక్కువే. 2007లో సంస్థలు కలిసిపోయాయి. ఇప్పుడు వీరిద్దరిలో ఎవరు పెద్ద? చేరిన తేదీ చూస్తే ఇద్దరూ సమానం. హోదా చూస్తే మొదటివాడు పెద్ద. విమానం చూసినా జీతం చూసినా రెండోవాడు పెద్ద. ఏ కొలత పెట్టినా ఒకడికి అన్యాయం జరిగినట్టే ఉంటుంది. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

విలీనం పెద్దలు ఈ ప్రశ్నను పక్కన పెట్టి తక్కిన పనులు చేశారు. కొత్త కంపెనీకి నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరి నోటా నిలవక 2010లో మళ్ళీ ఎయిర్ ఇండియా అనే పిలుచుకున్నారు. విమానాలకు రంగులు మార్చారు. అయినా ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాల నంబర్ల ముందుండే ఐసీ అనే అక్షరాలు పోయి అన్నిటికీ ఏఐ అని రావడానికి 2011 అయింది. అంటే మూడేళ్ళకు పైగా ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు.

అప్పుల సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే పైలట్లకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. విలీనానికి ముందే ఎయిర్ ఇండియా 68 బోయింగ్‌లకు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 43 ఎయిర్‌బస్‌లకు ఆర్డర్లు ఇచ్చాయి. మొత్తం 111. కొనుగోలు దాదాపు అప్పు మీదే. విలీనమైన కంపెనీ వాటాధనమా, 145 కోట్లు. ఏ చిన్న పట్నంలోని బియ్యం మిల్లు యజమాని అయినా ఇలాంటి లెక్కతో మా దగ్గరకు వస్తే కుర్చీ వేసి కాఫీ ఇచ్చి పంపేవాళ్ళం, అప్పు మాత్రం ఇచ్చేవాళ్ళం కాదు. 2007-08లో నష్టం 2,226 కోట్లు. మరుసటి ఏడాది 5,548 కోట్లు. ఈ విమానాల కొనుగోలునూ విలీనాన్నీ 2011లో కాగ్ నివేదిక గట్టిగానే తప్పుపట్టింది. కాబట్టి సమ్మెల వల్ల ఎయిర్ ఇండియా మునిగిందని కొందరనేది నేను ఒప్పుకోను. నీళ్ళు అప్పటికే పడవలోకి వచ్చాయి. తోడిపోయవలసిన చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకొని పెనుగులాడుతున్నాయి.

2011 ఏప్రిల్ 27న పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మెకు దిగారు. కంపెనీ ఒకటైనప్పుడు జీతమూ ఒకటి కావాలి కదా అన్నది వారి మొదటి కోరిక. సంస్థ నిర్వహణలో జరిగిన అవకతవకల మీద విచారణ జరపాలన్నది రెండవది. సమ్మె పదిరోజులు నడిచి మే 6న ముగిసింది. యాజమాన్యం సంఘం గుర్తింపు రద్దు చేసింది, నాయకుల్ని ఉద్యోగాల్లోంచి తీసింది, కోర్టులు కలగజేసుకున్నాయి, చివరకు అందరూ మళ్ళీ పనిలోకి వచ్చారు. ఆ మే నెలలోనే జస్టిస్ ధర్మాధికారి గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. రెండు సంస్థల ఉద్యోగుల జీతాలు, ప్రమోషన్లు, సీనియారిటీ ఎలా కలపాలో చెప్పమన్నారు. అంటే పెళ్ళయిన నాలుగో ఏట వరుస కలుస్తుందా అని అడగడానికి పెద్దమనిషిని పిలిచారన్నమాట. ఆయన 2012 జనవరిలో నివేదిక ఇచ్చారు.

నివేదిక సిరా ఆరకముందే రెండో సమ్మె వచ్చింది. ఈసారి అవతలి పక్షం. డ్రీమ్‌లైనర్ అనే కొత్త బోయింగ్ 787 విమానాలు రాబోతున్నాయి. వాటి శిక్షణకు రెండు పక్షాల పైలట్లనూ చెరిసగం పంపాలని యాజమాన్యం నిర్ణయించింది. విడిగా చూస్తే ఇంతకంటే న్యాయమైన మాట ఉందా అనిపిస్తుంది. కాని పాత ఎయిర్ ఇండియా పైలట్ల వాదన విన్నాక నాకు అంత తేలిగ్గా అనిపించలేదు. ఈ విమానాల ఆర్డరు మా సంస్థ ఇచ్చింది. మేము వీటి కోసమే కో-పైలట్లుగా ఏళ్ళ తరబడి కాచుకున్నాం. అవతలివాళ్ళు మాకంటే ముందే కమాండర్లయ్యారు. ఇప్పుడు వాళ్ళు నేరుగా వచ్చి ఈ విమానాల్లో ఎడమ కుర్చీలో కూర్చుంటే మేము రిటైరయ్యేదాకా కుడి కుర్చీలోనే ఉండాలి అని వారు అన్నారు. అవతలివారు, కంపెనీ ఒకటే అయినప్పుడు "మీ విమానం, మా విమానం" ఏమిటన్నారు. అదీ నిజమే.

2012 మే మొదటివారంలో పైలట్లు ఒకరి తర్వాత ఒకరు ఒంట్లో బాగులేదని సెలవు పెట్టారు. ఢిల్లీ హైకోర్టు సమ్మె కూడదంది. యాజమాన్యం 101 మందిని తొలగించింది. విదేశీ సర్వీసులు ఒక్కొక్కటే రద్దయ్యాయి. వేసవి సెలవులకు పిల్లల దగ్గరకు అమెరికా ప్రయాణం కట్టిన తల్లిదండ్రులు ఎందరో పెట్టెలతో చిక్కుపడ్డారు. 58 రోజుల తర్వాత, జులై 3న, హైకోర్టు మధ్యవర్తిత్వంతో సమ్మె ముగిసింది. మొదటి డ్రీమ్‌లైనర్ ఆ సెప్టెంబరులో ఢిల్లీలో దిగింది. అది ఎవరిదో ఆ ఏడంతా తేలని విమానం.

ఆ సంవత్సరమే ప్రభుత్వం సుమారు 30 వేల కోట్ల సహాయం ప్రకటించింది. విజయనగరం అశోక్ గజపతిరాజు గారు విమానయాన మంత్రిగా ఉండగా 2017లో అమ్మకానికి కేంద్ర మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2018లో 76 శాతం వాటా బేరానికి పెడితే ఒక్కరూ ముందుకు రాలేదు. 2021 అక్టోబరులో టాటాలు 18 వేల కోట్లకు ఒప్పుకున్నారు. అందులో చేతికి వచ్చే డబ్బు 2,700 కోట్లే, తక్కినది అప్పు తల కెత్తుకోవడం.

ప్రైవేటు పెళ్ళిళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే అక్కడ సమ్మె చేయడానికైనా సంస్థ మిగలలేదు. ఎయిర్ డెక్కన్‌ను కెప్టెన్ గోపీనాథ్ 2003లో బెంగుళూరు నుంచి మొదలుపెట్టారు. హుబ్లీ, విజయవాడ లాంటి ఊళ్ళకు రైలు ప్రయాణికుణ్ణి విమానం ఎక్కించింది ఆయనే. హైదరాబాదు నుంచి విజయవాడకు తొలి విమానం బయలుదేరుతుండగా ఇంజనులో మంటలు రావడం, అందులో వెంకయ్యనాయుడు గారు ఉండడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అంత అపశకునం తర్వాత కూడా ఆ సంస్థ జనం మనసు గెలుచుకుంది. కింగ్‌ఫిషర్ దానికి పూర్తిగా వ్యతిరేకం: ఖరీదైన టిక్కెట్టు, ఖరీదైన భోజనం. దేశీయ సంస్థ విదేశాలకు ఎగరాలంటే అయిదేళ్ళు నిండాలన్న నియమం అప్పట్లో ఉండేది. డెక్కన్‌కు 2008 ఆగస్టులో అయిదేళ్ళు నిండాయి. సెప్టెంబరులో కింగ్‌ఫిషర్ బెంగుళూరు నుంచి లండన్‌కు ఎగిరింది. డెక్కన్‌ను కొన్నది ఎందుకో ఆ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. 2012 నాటికి కింగ్‌ఫిషర్ పైలట్లు నెలల తరబడి జీతం లేకుండా విమానాలు నడిపారు. జెట్ సంస్థ సహారాను జెట్‌లైట్ అని పేరు మార్చి వేరు కుంపటిగానే ఉంచింది; ఆ కుంపటి ఎన్నడూ సరిగా రాజుకోలేదు. 2019లో జెట్ ఆగిపోయేనాటికి అక్కడి పైలట్లకూ జీతాలు బాకీయే.

ఇది మన దేశపు అలసత్వం అనుకునేవారి కోసం అమెరికా సంగతి ఒకటి చెబుతాను. అక్కడ 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు దివాలా తీసిన టీడబ్ల్యూఏ సంస్థను కొన్నారు. టీడబ్ల్యూఏ పైలట్లలో సగం మందికి పైగా తమ జాబితా అడుగున చేర్చారు. ఆ సెప్టెంబరులో న్యూయార్క్ దాడులు జరిగి విమానాలు ఖాళీ అయ్యాయి. ఉద్యోగాలు తీసివేయడం అడుగు నుంచి మొదలైంది కనుక పాత సంస్థలో తల నెరిసినవారు ముందుగా ఇంటికి వెళ్ళారు. ఆ గొడవ ఫలితంగా 2007లో అమెరికా ఒక చట్టం చేసింది. విలీనంలో సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తి తీర్పుకు వెళ్ళాలి అని. మన దేశంలో విమాన సంస్థల కోసం ప్రత్యేకించి అలాంటి చట్టం లేదు.

ఇంకా పెద్ద కథ యూఎస్ ఎయిర్‌వేస్‌ది. రెండుసార్లు దివాలా కోర్టుకెక్కిన ఆ పాత సంస్థ 2005లో ఫీనిక్స్ నగరపు అమెరికా వెస్ట్ అనే చిన్న సంస్థతో కలిసింది. తూర్పు పక్షంవారు వయసులో పెద్దవారు, సంఖ్యలోనూ ఎక్కువ; కాని వారిలో ఎందరో పదిహేను పదహారేళ్ళ సర్వీసుండి కూడా పని లేక ఇంట్లో కూర్చున్నారు. పడమటి పక్షంవారు కుర్రవాళ్ళు. కాని చేతిలో పని ఉన్నవారు. మేం లేకపోతే మీకు ఉద్యోగమే లేదని వీరు, మీరు పుట్టకముందు నుంచీ మేం ఎగురుతున్నామని వారు. 2007లో నికొలావ్ అనే మధ్యవర్తి తీర్పు ఇచ్చాడు. పెద్ద విమానాల తూర్పు కమాండర్లకు పై వరుసలు, పని లేక కూర్చున్నవారికి అడుగు వరుసలు, మధ్యలో ఉన్నవారిని దామాషా ప్రకారం కలిపాడు. తూర్పువారు మండిపడ్డారు. తీర్పును అమలు చేయవలసిన సంఘాన్నే ఓట్లతో పడగొట్టి, 2008లో తమ సొంత సంఘం పెట్టుకున్నారు. సంఖ్యాబలం వారిదే కదా. ఆపైన కోర్టులు. ఒకే పేరు, ఒకే రంగు వేసుకున్న విమానాల్లో తూర్పు పైలట్ పక్కన పడమటి పైలట్ కూర్చోకుండా ఏళ్ళు గడిచాయి. 2013లో ఆ సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసింది. అందరికీ కలిపి ఒక జాబితా 2016లో గాని తేలలేదు. పదకొండేళ్ళు.

2009 జనవరి 15న చెడిపోయిన ఇంజన్లతో హడ్సన్ నది మీద విమానం దింపి 155 మందిని బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ ఆ సంస్థవాడే. మరుసటి నెలలో అమెరికా చట్టసభ సంఘం ముందు ఆయన తన జీతం 40 శాతం కోతపడిందనీ, సంస్థ పింఛను పథకం రద్దయిందనీ చెప్పాడు. అది దివాలా వల్ల జరిగింది గాని విలీనం వల్ల కాదు. కాని అలా కోల్పోయినవాడికి చివరగా మిగిలింది జాబితాలో తన నంబరు ఒక్కటే. దాన్ని కూడా అడిగితే మనిషి ఎంత మొండికెత్తుతాడో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అన్ని విలీనాలూ ఇలాగే చెడతాయని నేననడం లేదు. 2008లో డెల్టా, నార్త్‌వెస్ట్ సంస్థలు కలిసినప్పుడు పైలట్ల ఒప్పందం విలీనం పూర్తయ్యేలోగానే కుదుర్చుకున్నారు. వరుస తగాదాను మధ్యవర్తులకు అప్పగించి ఆ సంవత్సరం డిసెంబరులోనే తేల్చుకున్నారు. ఆ సంస్థ నిలిచింది. పైలట్లు అక్కడా మనుషులే, దేవతలు కారు. పని ముందు చేశారు, అంతే తేడా.

మన దగ్గర పైలట్‌కు ఇంకో చిక్కు ఉంది. నచ్చకపోతే మానేసి పోవచ్చు కదా అంటారు. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ వారు కమాండర్ రాజీనామాకు ఏడాది, కో-పైలట్‌కు ఆరు నెలలు నోటీసు ఉండాలన్నారు. నాలాంటి బ్యాంకు ఆఫీసరు మూడు నెలల నోటీసే భారమనుకుంటాడు. కొత్తరకం విమానం నడపాలంటే ప్రత్యేక శిక్షణ కావాలి. దాని ఖర్చు లక్షల్లో. చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రుల సంతకాలు నా బల్ల మీదుగానే వెళ్ళాయి. ఆ అప్పు వాయిదా విలీనం కోసం ఆగదు.

టాటాల చేతికి వచ్చాక మళ్ళీ విలీనాల కాలం వచ్చింది. 2024 అక్టోబరు 1న పాత ఎయిర్ ఏషియా ఇండియా, అప్పటికి ఏఐఎక్స్ కనెక్ట్, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. నవంబరు 12న సింగపూర్ ఎయిర్‌లైన్స్ భాగస్వామ్యంతో నడుస్తున్న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. అప్పుడు విమానయాన మంత్రి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు. ఈసారి పెద్దలు కొంత ముందుచూపు చూపారు. విలీనానికి ముందే జీతాల ఒప్పందాలు సరిచేయడం మొదలుపెట్టారు. కాని సరిచేయడమంటే ఎటువైపు? విస్తారా పైలట్లకు నెలకు 70 గంటలకు ఖాయంగా వచ్చే జీతం కొత్త ఒప్పందంలో 40 గంటలకు తగ్గింది. ఆపైన ఎగిరితేనే డబ్బు. 2024 మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో చాలామంది ఒంట్లో బాగులేదన్నారు. 2012 నాటి జబ్బే మళ్ళీ వచ్చింది. విస్తారా రోజుకు పాతిక ముప్పై విమానాలు తగ్గించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత రిటైర్మెంటు వయసు తగాదా: ఎయిర్ ఇండియాలో 58, విస్తారాలో 60. ముందు రిటైరయ్యేవాడి ఖాళీ ఎవరికి పోతుంది, వెనుక రిటైరయ్యేవాడు ఎవరి దారికి అడ్డు? మళ్ళీ వరుస ప్రశ్నే. 2025లో ఎయిర్ ఇండియా పైలట్ల వయసు పరిమితిని 65కు పెంచారు. 64 ఏళ్ళ కమాండరుకు అది మంచి వార్త. కుడి కుర్చీలో కూర్చున్న ముప్పై ఏళ్ళవాడు దాన్ని ఎలా చదువుకున్నాడో మనం ఊహించవచ్చు.

విస్తారా చివరి విమానం 2024 నవంబరు 11 రాత్రి ఎగిరింది. మరునాటి నుంచి ఆ విమానాలకు నంబరు ముందు ఏఐ అని పెట్టి, దాని పక్కన 2 అనే అంకె చేర్చారు. ఇది పాత విస్తారా విమానం అని ప్రయాణికుడు టిక్కెట్టు మీద చూసి గుర్తుపట్టాలని. నడిపేవాడికి ఆ అంకె చూడవలసిన పని లేదు.